బత్తాయి తోటకు కారు వెనక ట్రాలీ: హుక్కు పెట్టించవచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ను. హాలియా దగ్గర మాకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. మామయ్య పోయినప్పటి నుంచి దాని బాగోగులు నేనే చూసుకుంటున్నాను. మా దగ్గర 2018లో కొన్న డీజిల్ విటారా బ్రెజా ఉంది. సెలవు రోజుల్లో తోటకు వెళ్ళేటప్పుడు పవర్ స్ప్రేయర్, 200 లీటర్ల డ్రమ్ము, పైపులు తీసుకెళ్ళడానికి, కాపు సమయంలో ఇరవై క్రేట్ల వరకు కాయలు మార్కెట్‌కు చేర్చడానికి కారు వెనక రెండు చక్రాల చిన్న ట్రాలీ తగిలించుకుంటే బాగుంటుందని ఆలోచన. ఇక్కడి వెల్డింగ్ షాపతను ఒక్క పూటలో కారు కింద ఇనుప పట్టీ అతికించి హుక్కు పెడతానని, ట్రాలీ కూడా తానే చేసిస్తానని అంటున్నాడు. మా తమ్ముడేమో విదేశాల్లో విటారా కారుకు దొరికే హిచ్‌ను, అంటే ట్రైలర్ తగిలించే హుక్కు అమరికను, ఆన్‌లైన్‌లో తెప్పించుకోమంటున్నాడు. కారుతో పాటు వచ్చిన లాగుడు కొక్కేనికే ట్రాలీ తగిలించవచ్చు కదా అని మావారి సలహా. ట్రాక్టర్ అంత పెద్ద ట్రాలీని లాగుతుంటే దాదాపు 90 హార్స్‌పవర్ ఉన్న కారు ఈ చిన్నదాన్ని లాగలేదా? చట్టప్రకారం ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

సమాధానం: టీచర్ గారూ, ముందు తేల్చి చెప్పేస్తాను. వెల్డింగ్ షాపులో కారు అప్పగించకండి. కాయల క్రేట్లను మార్కెట్‌కు చేర్చడానికి బ్రెజా వెనక ట్రాలీ కట్టాలన్న ఆలోచన కూడా మానుకోండి. కారణాలు కాస్త వివరంగానే చెబుతాను. పట్నంలో ఉద్యోగం, ఊళ్ళో తోటో పొలమో ఉన్న కుటుంబాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు చాలా ఉన్నాయి. అటు బత్తాయి, ఇటు కొల్లాపూర్ మామిడి, కాపుకొచ్చిన ప్రతిసారీ బండి కోసం వెతుకులాట తప్పదు. ఇంటి ముందు కారు ఉండగా ఇంకొకరి బండికి కిరాయి ఎందుకివ్వాలని అనిపించడం సహజం. అందుకే మీ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు.

మీ ఇంట్లో అందరూ అడుగుతున్నది కారు లాగగలదా అని. లాగుతుంది. చదునైన రోడ్డు మీద చక్రాల మీదున్న బరువును కదిలించడానికి పెద్ద బలం అక్కర్లేదు, ఆ ఇంజనుకు అది కష్టమూ కాదు. తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అంత బరువును కారు బ్రేకులు ఆపగలవా? గేదె అడ్డొచ్చి స్టీరింగ్ తిప్పినప్పుడు ట్రాలీ కారు వెంట నిలకడగా వస్తుందా? హుక్కును పట్టుకుని ఉన్న ఇనుము గుంతల కుదుపులను ఏళ్ళ తరబడి తట్టుకుంటుందా? ట్రాక్టర్‌తో పోలిక ఈ మూడింటి దగ్గరా చెల్లదు.

ట్రాక్టర్ పుట్టిందే లాగడానికి. దాని హుక్కు వెనక ఉన్న గేరుబాక్సు, యాక్సిల్ పోత ఇనుప దిమ్మకు బోల్టులతో బిగించి ఉంటుంది. బండి బరువే రెండు టన్నుల దగ్గర. వెనక చక్రాలు పెద్దవి, నేలను గట్టిగా పట్టుకుంటాయి, వేగమూ తక్కువ. మీ బ్రెజా ఖాళీ బరువు సుమారు 1200 కిలోలు. దానికి కింద విడిగా ఛాసిస్ అంటూ లేదు. పలుచని రేకులను పెట్టెల్లా మలిచి, ఒకదానికొకటి అతికించి, ఆ శరీరమే మొత్తం బరువును మోసేలా కట్టారు. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు. స్విఫ్ట్, బాలెనో, ఎర్టిగా, క్రెటా అన్నీ ఈ తరహావే. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా, ఫార్చూనర్ లాంటివాటికి మాత్రం నిచ్చెన ఆకారంలో విడిగా ఇనుప ఛాసిస్ ఉంటుంది. హుక్కు పెట్టడానికి ఈ రెండు రకాల మధ్య తేడా చాలా పెద్దది.

వెల్డింగ్ వద్దని అంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, బ్రెజా వెనక బంపర్ లోపల ఎడమా కుడీ రెండు పొడవాటి పెట్టె దూలాలు ఉంటాయి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఆ దెబ్బను మింగేవి అవే. వాటిని సాధారణ ఇనుముతో చేయరు, ప్రత్యేకంగా గట్టిపరచిన ఉక్కు రేకుతో చేస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. అతుకు పైకి బలంగానే కనిపిస్తుంది, దాని అంచు పక్కనే రేకు మెత్తబడి ఉంటుంది. రోజూ కుదుపులు పడుతుంటే పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. పైగా ఆ రేకుకు తుప్పు పట్టకుండా వేసిన పూత లోపలి వైపు కాలిపోతుంది. అక్కడికి మళ్ళీ బ్రష్ పోదు కాబట్టి తుప్పు లోపలి నుంచే తినేస్తుంది. పక్కనే డీజిల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు. బ్యాటరీ తీగ విప్పకుండా ఆర్క్ వెల్డింగ్ చేస్తే ఇంజనును, ఎయిర్‌బ్యాగులను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెలు చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. వెల్డింగ్ అతని పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ట్రాక్టర్ ట్రాలీకి, ఇంటి గేటుకు అతని చెయ్యి బాగానే సరిపోవచ్చు. ఈ ఉక్కు మాత్రం ఆ పనికి సంబంధించినది కాదు.

మీవారు చెప్పిన లాగుడు కొక్కెం కూడా ఇందుకు పనికిరాదు. అది కారు ఆగిపోయినప్పుడు తాడు కట్టి నెమ్మదిగా పక్కకు చేర్చడానికి ఇచ్చినది. నేరుగా, మెల్లగా లాగే లాగుడును మాత్రమే అది ఓర్చుకుంటుంది. ట్రాలీ అలా ఉండదు. కిందికి నొక్కుతుంది, గుంతలో పైకి ఎగరేస్తుంది, బ్రేకు వేస్తే వెనక నుంచి నెడుతుంది, మలుపులో పక్కకు గుంజుతుంది. పైగా ఆ కొక్కెం చాలా కార్లలో నట్టనడుమ కాకుండా ఒక పక్కకు ఉంటుంది.

ఇక విటారా హిచ్. పేరు చూసి మీ తమ్ముడు పొరబడ్డారు. యూరప్‌లో విటారా అని అమ్మే కారు, మన విటారా బ్రెజా ఒకటి కాదు. బ్రెజాను నాలుగు మీటర్ల లోపు పొడవుతో చేశారు, అక్కడి విటారా అంతకన్నా పొడవు. ఒకదాని కొలతలకు చేసిన పట్టీలోని రంధ్రాలు ఇంకోదాని దూలాలకు కుదరకపోతే, బిగించేవాళ్ళు అక్కడికక్కడే కొత్త రంధ్రాలు తొలుస్తారు. అది మరింత చేటు. ఒకవేళ హిచ్ కుదిరినా, విదేశాల్లో రాసిన లాగుడు బరువు మన కారుకు వర్తించదు. ఇంజను చల్లబడే తీరు, బ్రేకులు, క్లచ్, దూలాల బలం అన్నీ లెక్కలోకి తీసుకున్నాకే కంపెనీ ఆ అంకె చెబుతుంది.

అందుకే మొట్టమొదట కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, ట్రైలర్ లాగడం గురించి ఏమి రాశారో చూడండి. మన దేశంలో అమ్మే చిన్న కార్లలో చాలావాటికి కంపెనీలు లాగుడు బరువే ప్రకటించవు. కొన్ని కార్ల పుస్తకాల్లో ఇది మనుషుల్ని, మామూలు సామానును మోయడానికి చేసిన కారు, ట్రైలర్ లాగడానికి కాదని స్పష్టంగానే ఉంటుంది. అంకె లేకపోతే అంకె సున్నా అనే అర్థం చేసుకోవాలి. ‘రాయలేదు కదా, లాగవచ్చు’ అనుకోకూడదు.

మీ బరువుల లెక్క కూడా వేసి చూద్దాం. ఒక క్రేటులో 22 కిలోల కాయలు పడతాయనుకుంటే ఇరవై క్రేట్లకు 440 కిలోలు. ఇనుప ట్రాలీ ఎంత తేలిగ్గా చేసినా 200 కిలోల దగ్గరకు వస్తుంది. మొత్తం 640 కిలోలు. కార్లకు ట్రైలర్లు కట్టడం మామూలైన యూరప్‌లో ఒక నియమం ఉంది. సొంత బ్రేకులు లేని ట్రైలర్ బరువు లాగే కారు బరువులో సగం మించకూడదు, ఏ కారుకైనా 750 కిలోలు దాటకూడదు. మీ కారుకు ఆ లెక్కన పరిమితి సుమారు 600 కిలోలు. అంటే లాగడానికి అనుమతి ఉన్న కారుకు కూడా మీరనుకుంటున్న బరువు హద్దును దాటుతుంది, మీ కారుకు ఆ అనుమతే లేదు. మీరు, మీవారు కూర్చున్న కారు 1350 కిలోలు అనుకుందాం. దాని వెనక బ్రేకులు లేని 640 కిలోలు చేరితే, అవే బ్రేకులు, అవే టైర్లు దాదాపు సగం ఎక్కువ బరువును ఆపాలి. ఆగే దూరం కూడా దాదాపు సగం పెరుగుతుంది. నల్లగొండ నుంచి హాలియా దాకా 565వ నంబరు జాతీయ రహదారి మీద ఎన్ని ఊళ్ళ మధ్య నుంచి పోవాలో మీకు నాకన్నా బాగా తెలుసు. కోతల కాలంలో వడ్లు ఆరబోసిన రోడ్డు మీద, గింజల మీద చక్రం జారుతుంటే, ఆ బరువు వెనక నుంచి నెడితే ఏమవుతుందో ఒకసారి ఊహించండి.

డ్రమ్ము సంగతి ఇంకా తేలిక. 200 లీటర్ల నీళ్ళంటే 200 కిలోలు. రోడ్డు మీద ఆ నీళ్ళు ముందుకూ వెనక్కూ ఊగుతూ ట్రాలీని కుదిపేస్తాయి. తోటలో బోరు ఉంటే నింపిన డ్రమ్మును ఊరి నుంచి మోసుకుపోయే అవసరమే లేదు.

చట్టం విషయానికి వస్తే, మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ కింద అలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేసే హిచ్‌కూ, దూలాన్ని కోసి అతికించిన హుక్కుకూ మధ్య తేడాను అధికారి చూడవచ్చు, చూడకపోవచ్చు. ఆ పేచీలో మీరు పడకుండా ఉండాలంటే హిచ్ కొనక ముందే నల్లగొండ రవాణా శాఖ కార్యాలయంలో కాగితం మీద అడిగి, జవాబు కాగితం మీదే తీసుకోవాలి. కౌంటర్ దగ్గర ఎవరో నోటితో చెప్పిన మాట రోడ్డు మీద మిమ్మల్ని కాపాడదు.

ట్రాలీ కూడా చట్టం దృష్టిలో ఒక వాహనమే. సెక్షన్ 61 ప్రకారం దానికీ కారులాగే రిజిస్ట్రేషన్ కావాలి. లాగే కారు నంబరు ట్రాలీ వెనక కనిపించాలి. రిజిస్ట్రేషన్‌కు ఫారం 20తో దరఖాస్తు చేసినప్పుడు అమ్మకపు పత్రంగా ఫారం 21, రోడ్డు మీద తిరగడానికి తగినదని తయారీదారు ఇచ్చే ఫారం 22 జతచేయాలి. ఆమోదం పొందిన నమూనా ప్రకారం ట్రైలర్లు తయారుచేసే సంస్థ మాత్రమే ఈ కాగితాలు ఇవ్వగలదు. వెల్డింగ్ షాపులో చేసిన ట్రాలీకి ఇవి రావు. పల్లెల్లో ఎన్నో ట్రాలీలు నంబర్లు లేకుండానే తిరుగుతున్నాయి కదా అని మీరు అడగవచ్చు. తిరుగుతున్నాయి. వాటిని గుద్దుకుని చనిపోయినవాళ్ళ కుటుంబాలు పరిహారం కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎవరూ చదవనిది, బీమా పత్రం. మీ ప్రైవేటు కారు పాలసీ తీసి చూడండి. ‘వాడకానికి పరిమితులు’ అన్న చోట కిరాయికి తిప్పడానికి, నమూనాలు లేదా సొంత సామాను తప్ప సరుకులు మోయడానికి ఈ పాలసీ వర్తించదని ఉంటుంది. ఇంటికి తెచ్చుకునే ఒక సంచి కాయల మాట వేరు. అమ్మకానికి తీసుకుపోయే ఇరవై క్రేట్లు సరుకే. చట్టంలో సరుకు రవాణా వాహనానికి ఇచ్చిన నిర్వచనం కూడా చూడండి. సరుకు కోసమే తయారుచేయకపోయినా, సరుకు మోయడానికి వాడితే అది సరుకు వాహనమే అవుతుందని సెక్షన్ 2లో ఉంది. మొత్తం బరువు 3000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని సెక్షన్ 66 చెబుతుంది గానీ, రిజిస్ట్రేషన్‌కు, ఫిట్‌నెస్‌కు, బీమాకు ఆ మినహాయింపు లేదు. ఆగిపోయిన ఒక వాహనాన్ని కిరాయి తీసుకోకుండా లాగి సాయపడితే ప్రైవేటు కారు పాలసీ ఒప్పుకుంటుంది. ట్రాలీకి మాత్రం విడిగా బీమా చేయించుకోవాలి. ఇవేవీ లేకుండా ట్రాలీ ఊడి ఒక బైకు మీద పడిందనుకోండి. బీమా కంపెనీ ముందు పరిహారం చెల్లించినా ఆ డబ్బు మీ నుంచి రాబట్టుకోవడానికి చూస్తుంది. టీచర్ ఉద్యోగంలో పోగేసుకున్నది, నాలుగెకరాల తోట, రెండూ ఆ ఒక్క కేసుకే పోవచ్చు. నాకు మిగతా అన్నిటికన్నా ఎక్కువ భయం కలిగించేది ఇదే.

ఇంతవరకు వద్దన్న మాటే చెప్పాను. ఇలాంటి అవసరమే ఉండి, ఛాసిస్ విడిగా ఉన్న బండి, కంపెనీ నుంచి లాగుడు బరువుకు రాతపూర్వక అనుమతి, రవాణా శాఖ కాగితం, ఈ మూడూ ఉన్న పాఠకులు ఉంటారు. రేపు మీరే కారు మార్చవచ్చు. హిచ్ సరిగ్గా ఎలా బిగించాలో వాళ్ళ కోసమూ, మీ కోసమూ చెబుతాను.

ఆ కారు మోడల్‌కే, ఆ ఏడాది నమూనాకే చేసిన హిచ్ కొనాలి. దాని మీద తయారీదారు పేరు, అది తట్టుకునే బరువు, బంతి (ట్రైలర్ మూతి వచ్చి కూర్చునే గుండ్రటి ఇనుప గుండు) మీద ఎంత నొక్కుడు పడవచ్చో తెలిపే రేకు పలక ఉండాలి. యూరప్ ప్రమాణంతో చేసినవాటి మీద ‘డి’ విలువ అని, హిచ్ తట్టుకోగల లాగుడు బలాన్ని తెలిపే అంకె కిలోన్యూటన్లలో ఉంటుంది. నిండు బరువు 1600 కిలోలున్న కారు 500 కిలోల ట్రైలర్‌ను లాగాలంటే ఆ అంకె కనీసం 3.74 ఉండాలి. ఈ రెండు బరువులను గుణించి, వాటి మొత్తంతో భాగించి, 9.81తో హెచ్చించి, 1000తో భాగిస్తే అది వస్తుంది. బంతి వ్యాసం, ట్రైలర్ మూతి గిన్నె వ్యాసం ఒకటే ఉండాలి. 50 మిల్లీమీటర్ల బంతి మీద అంగుళాల కొలత గిన్నె కాస్త వదులుగా కూర్చున్నా, పెద్ద గుంతలో పైకి లేచి ఊడిపోతుంది.

బిగించేటప్పుడు వెనక బంపర్ విప్పాలి. కంపెనీ ముందే వదిలిన రంధ్రాలు, లోపల అతికించిన నట్లు ఉంటే వాటినే వాడాలి. బోలుగా ఉన్న దూలానికి బోల్టు అడ్డంగా వేయాల్సి వస్తే లోపల ఇనుప గొట్టం ముక్క పెట్టాలి, లేకుంటే బిగించేకొద్దీ రేకు లోపలికి నొక్కుకుపోతుంది, బిగువు నిలవదు. బోల్టు తల మీద దాని బలాన్ని తెలిపే గ్రేడు 8.8 అని కొట్టి ఉండాలి. బజారులో డబ్బాలో దొరికే గుర్తులేని బోల్టులు వద్దు. తొలిచిన ప్రతి రంధ్రం అంచుకూ జింక్ ప్రైమర్ వేయించండి. బిగువును చేతి అంచనాతో వదిలేయకుండా, బిగువును కొలిచే టార్క్ రెంచ్‌తో, హిచ్ కాగితంలో ఉన్న అంకె ప్రకారం బిగించాలి. 8.8 గ్రేడులో 10 మిల్లీమీటర్ల బోల్టుకు అది సుమారు 45 నుంచి 50, 12 మిల్లీమీటర్లదానికి సుమారు 80 న్యూటన్ మీటర్లు ఉంటుంది. మొదటి ప్రయాణం తరువాత ఒకసారి, వెయ్యి కిలోమీటర్ల లోపు ఇంకోసారి మళ్ళీ బిగువు చూడాలి. కొత్త రంగు అణిగి బోల్టులు వదులు కావడం సహజం. బంతి కారు నంబరు ప్లేటుకు అడ్డు రాకూడదు. ట్రాలీ లేనప్పుడు తీసేయగల బంతి అయితే రివర్స్ సెన్సర్లు కూడా ఊరికే అరవవు.

వైరింగ్ దగ్గర చాలామంది తొందరపడతారు. వెనక లైటు తీగ పొట్టు గీకి, ఇంకో తీగ మెలిపెట్టి, టేపు చుట్టేస్తారు. ట్రాలీకి రెండు 21 వాట్ల బ్రేకు బల్బులు పెడితే 12 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు అదనం. ఈ కాలపు కార్లలో లైట్లను నడిపేది ఎలక్ట్రానిక్ పెట్టె. అదనపు భారంతో అది చెడితే ఖర్చు చాలా ఎక్కువ. అందుకే కారు లైటు నుంచి సంకేతం మాత్రమే తీసుకుని, కరెంటును బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా తెచ్చే రిలే పెట్టె వాడాలి. ఏడు పిన్నుల సాకెట్‌లో పసుపు తీగ ఎడమ ఇండికేటర్‌కు, ఆకుపచ్చ కుడి ఇండికేటర్‌కు, ఎరుపు బ్రేకు లైటుకు, తెలుపు ఎర్తుకు అన్నది పాత ప్రమాణం. మనిషిని వెనక నిలబెట్టి ఒక్కొక్క లైటూ వెలిగించి చూశాకే కదలాలి. చీకటి పడ్డాక లైట్లు లేని ట్రాలీ వెనక వచ్చేవాడికి కనబడనే కనబడదు.

గొలుసులు రెండు ఉండాలి. మూతి కింద వాటిని ఒకదాని మీదుగా ఇంకోటి అడ్డంగా వేసి తగిలించాలి. బంతి నుంచి మూతి ఊడితే నేలకు తాకకుండా ఆ అల్లిక పట్టుకుంటుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి గానీ రోడ్డుకు రాసుకోకూడదు.

బరువు ఎక్కించే పద్ధతి ప్రాణాలకు సంబంధించిన విషయం. బరువైనవి యాక్సిల్ మీద, కొంచెం ముందుకు ఉండాలి. మూతి బంతిని మొత్తం ట్రైలర్ బరువులో సుమారు 4 నుంచి 7 శాతం నొక్కాలని యూరప్ లెక్క. 500 కిలోల ట్రైలర్‌కు 20 నుంచి 35 కిలోలు. దీన్ని తెలుసుకోవడానికి ఇంట్లో మనిషి బరువు చూసుకునే యంత్రం చాలు. దాని మీద చెక్క దుంగ నిలబెట్టి, బంతి ఎత్తులోనే మూతిని ఆనించి చూస్తే అంకె తెలుస్తుంది. వెనక బరువు ఎక్కువైతే మూతి పైకి లేస్తుంది, వేగం పెరిగేకొద్దీ ట్రాలీ పక్కలకు ఊగడం మొదలుపెడుతుంది. ముందు మరీ ఎక్కువైనా మంచిది కాదు. బంతి వెనక చక్రాలకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి, బ్రెజా లాంటి రెండున్నర మీటర్ల చక్రాల దూరమున్న కారులో, వెనక చక్రాలకు ఒక మీటరు వెనక 40 కిలోలు పెడితే వెనక చక్రాల మీద 56 కిలోలు పెరుగుతాయి, ముందు చక్రాల మీద 16 కిలోలు తగ్గుతాయి. ఈ కార్లలో స్టీరింగ్‌కు, లాగడానికి పనిచేసేవి ఆ ముందు చక్రాలే. డిక్కీలో ఎరువుల బస్తా కూడా వేశారంటే ఆ పట్టు ఇంకా తగ్గుతుంది.

నడిపేటప్పుడు 60 దాటవద్దు. ట్రాలీ ఊగడం మొదలైతే గట్టిగా బ్రేకు తొక్కకూడదు, స్టీరింగ్‌తో ఎదురు తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగ్‌ను తిన్నగా పట్టుకుని ఉంటే దానంతటదే సర్దుకుంటుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చేసే అలవాటు మనవాళ్ళలో బాగా ఉంది. ట్రాలీ ఉన్నప్పుడు, ముఖ్యంగా మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ లాంటి చోట, అది చావు కొనితెచ్చుకోవడమే. చిన్న గేరులో దిగాలి. వెనక్కి నడపడాన్ని ముందు ఖాళీ స్థలంలో నేర్చుకోండి. స్టీరింగ్ అడుగు భాగంలో చెయ్యి పెట్టి, ట్రాలీ ఎటు పోవాలో చేతిని అటు జరపాలి.

ఇప్పుడు మీ తోట సంగతికి వస్తాను. పవర్ స్ప్రేయర్, పైపులు బ్రెజా డిక్కీలోనే పడతాయి. వెనక సీటు మడిస్తే చోటు ఇంకా పెరుగుతుంది, కింద పాత పరదా పరిస్తే చాలు. పురుగుమందు డబ్బాలను మాత్రం మనుషులతో పాటు మూసిన కారులో పెట్టకండి. వాటిని హాలియాలోనే కొని తోటలోనే తాళం వేసిన పెట్టెలో ఉంచుకోండి. డ్రమ్ము తోటలోనే ఉండనివ్వండి. కాయలకు కోత రోజున ట్రాలీ ఆటోనో, టాటా ఏస్‌నో కిరాయికి మాట్లాడుకోండి. దానికి సరుకు బండిగా రిజిస్ట్రేషన్, బీమా ఉన్నాయో లేదో అడిగి చూసుకోండి. పక్క తోటవాళ్ళ కాయలతో కలిపి ఒకే బండి వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. మీ తోట పక్కనే ఇరుగుపొరుగు బత్తాయి రైతులు ఉంటారు కాబట్టి ఇది కష్టం కాదు. ట్రాలీకి, హిచ్‌కు, వైరింగ్‌కు, రిజిస్ట్రేషన్‌కు, ఏటా కట్టే బీమాకు పెట్టే డబ్బుతో పోలిస్తే, ఏడాదిలో కొన్ని వారాల కిరాయి ఏమంత భారమో మీరే కాగితం మీద రాసి చూడండి. పిల్లలకు పాఠాలు చెప్పే మీకు నేను చెప్పక్కర్లేదు.

వెల్డింగ్ అతనికి ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే దాన్ని వెనక్కి అడగాల్సిన పనిలేదు. తోటలో చెట్ల మధ్య నుంచి గట్టు దాకా క్రేట్లు చేర్చడానికి, ఇద్దరు మనుషులు నెట్టుకుపోయే రెండు చక్రాల తోపుడు బండి చేయించుకోండి. స్కూటర్ టైర్లు వేయమనండి, సన్నని టైర్లు తడి నేలలో కూరుకుపోతాయి. పిడి నడుము ఎత్తుకు ఉండేలా కొలత మీరే ఇవ్వండి.